మంచు చిరుతను చూడటం, వీడియో తీయడం: హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకి మొదటి నుంచి చివరిదాకా

ఏ కెమెరా కొనాలి, ఎంత లెన్సు కావాలి? నేను మంచు చిరుతల వీడియోలు తీస్తానని తెలిసినవాళ్లు మొదట అడిగేది ఇదే. దాని గురించి కింద వివరంగానే రాశాను. కానీ అంతకంటే ముందు మిమ్మల్ని మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఇంకోటుంది: ఒకే కొండను, కూర్చున్న చోటు నుంచి లేవకుండా, రెండు గంటలు చూడగలరా? నేను మూడు చలికాలాలు వెళ్లొచ్చాను, ఒకసారి హిమాచల్‌ప్రదేశ్‌లో స్పితి లోయలోని కిబ్బర్ ఊరికి, రెండుసార్లు లద్దాఖ్‌కి. మొదటిసారి ఏడు రోజులుంటే ఆరో రోజు సాయంత్రం కనిపించింది, మొత్తం పదకొండు నిమిషాలు. మిగతా రోజులన్నీ రాళ్లు చూడటమే. ఆ చూడటం చేతకాకపోతే ఎంత పెద్ద లెన్సున్నా ఉపయోగం లేదు. అందుకే ఇందులో సగం చూడటం గురించే ఉంటుంది.

మొదటి మెట్టు: మూడు నెలల ముందు నుంచే, మన గుట్టల్లోనే

ఈ విషయంలో హైదరాబాద్ వాళ్లం అదృష్టవంతులం. మన చుట్టూ ఉన్న గ్రానైటు గుట్టలు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటివి. రాయి మీద రాయి పేర్చినట్టు, పగుళ్లు, నీడలు, బూడిద రంగు మచ్చలు. కిబ్బర్‌లో ఎదుటి కొండ మీద చూడబోయేది కూడా దాదాపు ఇలాంటి దృశ్యమే, మంచు ఒకటి ఎక్కువ. నేను మణికొండలో ఉంటాను కాబట్టి ఖాజాగూడ గుట్టలకి పోతాను, మీకు దగ్గర్లో ఏది మిగిలి ఉంటే దానికి వెళ్లండి. ఒక్కరే వెళ్లొద్దు, చీకటి పడకముందే దిగిపోండి.

అక్కడ చేయాల్సిన పని ఇది. మీతో వచ్చినవాళ్లకి ఒక పాత బూడిద రంగు తువ్వాలు ఇచ్చి, నాలుగైదు వందల మీటర్ల దూరంలో రాళ్ల మధ్య ఎక్కడో ఒకచోట ముడిచి పెట్టి రమ్మనండి. మీరు వెనక్కి తిరిగి ఉండాలి. తర్వాత బైనాక్యులర్‌తో వెతకండి. మొదటి రోజు నాకు నలభై నిమిషాలు పట్టింది. కారణం ఏమిటంటే నా కళ్లు గుట్టంతా గెంతుతున్నాయి, ఏదో ఒకటి కనిపించాలన్న ఆత్రంతో పై నుంచి కిందికి, ఆ చివర నుంచి ఈ చివరకి. పొలం దున్నినట్టు చూడాలి. గుట్ట పైఅంచు నుంచి మొదలుపెట్టి ఎడమ నుంచి కుడికి ఒక చాలు, కొంచెం కిందికి దించి కుడి నుంచి ఎడమకి ఇంకో చాలు. ప్రతి చోటా బైనాక్యులర్ ఆపి, లోపల కనిపించే గుండ్రటి దృశ్యంలో ఐదారు రాళ్లని ఒక్కొక్కటిగా చూసి, అప్పుడే జరపాలి. బైనాక్యులర్‌ని ట్రైపాడ్ మీద బిగిస్తే ఇది సగం తేలికవుతుంది, చేతుల వణుకు పోతే కళ్లకి పని దొరుకుతుంది. అయిపోయాక తువ్వాలు వెనక్కి తెచ్చుకోవడం మర్చిపోకండి.

తువ్వాలు పది నిమిషాల్లో దొరకడం మొదలయ్యాక గుడ్లగూబను వెతకండి. రాతి గుట్టల్లో ఉండే పెద్ద గుడ్లగూబలు మన నగరం అంచుల్లో ఇంకా ఉన్నాయి. పగలు రాతి అరుగు మీద, పొద చాటున కూర్చుంటాయి. ఒక డిసెంబరు సాయంత్రం ఒకే రాతి సందుని ఇరవై నిమిషాలు చూశాను, అక్కడేమీ లేదనే అనుకున్నాను. పక్కకి జరపబోతుంటే ఆ రాయి మీద రెండు నారింజ రంగు చుక్కలు తెరుచుకున్నాయి. అవి కళ్లు. ఆ తర్వాతే దాని చెవుల్లా నిక్కిన ఈకల కుచ్చులు, ఛాతీ మీద గీతలు, కాళ్ల కింద తెల్లటి రెట్ట, అన్నీ ఒక్కసారిగా కనిపించాయి. ఇరవై నిమిషాలుగా నేను చూస్తున్నది దాన్నే. అప్పటి నుంచి జంతువు ఆకారం కోసం వెతకడం మానేశాను. రాయికి ఉండకూడనిది ఏముందా అని చూస్తాను: మరీ నునుపైన గీత, నీడ లేని గుండ్రటి అంచు, గాలి లేకపోయినా కదిలేది. ఒక్క మాట, చలికాలంలో అవి గుడ్లు పెడతాయి, పిల్లలుంటాయి. గుడ్లు గానీ పిల్లలు గానీ కనిపిస్తే వెంటనే వెనక్కి వచ్చేయండి, ప్రాక్టీసు ఇంకో గుట్ట మీద చేసుకోవచ్చు.

కెమెరా ప్రాక్టీసుకి చెరువు మంచిది. అమీన్‌పూర్ చెరువుని 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు, చలికాలంలో వలస పక్షులు వస్తాయి. తెల్లవారి ఆరున్నరకి ఒకసారి, పన్నెండింటికి ఒకసారి అదే దూరంలో ఉన్న పక్షిని తీసి ఇంటికొచ్చి పెద్ద తెర మీద పోల్చండి. మధ్యాహ్నం తీసినది నీళ్లలో మునిగినట్టు అల్లల్లాడుతుంది. లెన్సు పాడైందని చాలామంది కంగారుపడతారు. లెన్సులో ఏ లోపమూ లేదు, అది వేడి గాలి. కొండల్లో కూడా మీకు అతిపెద్ద సమస్య ఇదే అవుతుంది.

వీలైతే ఒక శని, ఆదివారాలు నల్లమలలో ఫరహాబాద్ వైపు కూడా వెళ్లి రండి. అక్కడి చెంచుల్లో అడవి చూపించడానికి వచ్చేవాళ్లు దారి మీద అడుగు జాడ చూసి ఆగే తీరుని గమనించండి. వాళ్లు ముందు చుట్టూ చూస్తారు, ఆ తర్వాతే కిందికి చూస్తారు.

రెండో మెట్టు: ఎక్కడికి, ఎప్పుడు

2024 జనవరిలో విడుదలైన దేశవ్యాప్త లెక్క ప్రకారం మన దేశంలో 718 మంచు చిరుతలున్నాయని అంచనా. అందులో 477 లద్దాఖ్‌లోనే. మామూలు యాత్రికుడికి దొరికే చోట్లు రెండు: లద్దాఖ్‌లో హెమిస్ నేషనల్ పార్కు పరిధిలోని రుంబక్ లోయ, లేదా ఉల్లే గ్రామం, హిమాచల్‌లో స్పితి, ముఖ్యంగా కిబ్బర్, చిచం చుట్టుపక్కలు.

నెలలు జనవరి చివర నుంచి మార్చి మధ్య దాకా. ఎండాకాలంలో వెళ్లొద్దు. చలికాలంలో పై కొండలు మంచుతో మూసుకుపోతే భరల్ అనే నీలి గొర్రెలు, ఐబెక్స్ మేకలు గడ్డి కోసం కిందికి దిగుతాయి, వాటి వెనకే చిరుత కూడా దిగుతుంది. పైగా అది చిరుతలకి జత కట్టే కాలం, కాబట్టి ఎక్కువ తిరుగుతాయి, ఒకదాన్నొకటి పిలుస్తాయి. మంచు చిరుత పులిలా గాండ్రించలేదు, సాగదీసిన ఒక అరుపు అరుస్తుంది. నిశ్శబ్దంగా ఉన్న లోయలో అది చాలా దూరం వినిపిస్తుంది.

మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను స్పితినే చెప్తాను, అదీ సిమ్లా దారిలో. చలికాలంలో మనాలి వైపు కుంజుమ్ కనుమ మూసేస్తారు కాబట్టి ఎలాగూ వేరే దారి లేదు. కానీ అసలు కారణం ఆ దారి మిమ్మల్ని మెల్లగా పైకి తీసుకెళ్తుంది: సిమ్లా, కల్ప, తాబో, కాజా, ఆ తర్వాతే 4,200 మీటర్ల ఎత్తులో ఉన్న కిబ్బర్. లేహ్‌కి విమానంలో వెళ్తే దాదాపు 540 మీటర్ల హైదరాబాద్ నుంచి ఒకే రోజులో 3,500 మీటర్లకి చేరుకుంటారు. ఒంటికి అది పెద్ద దెబ్బ. లీవు తక్కువ ఉందని చాలామంది లేహ్‌ని ఎంచుకుంటారు. ఎంచుకున్నా పర్వాలేదు, కానీ మొదటి రెండు మూడు రోజులు లేహ్‌లోనే విశ్రాంతికి వదిలేయాలి.

ఎన్ని రోజులు? కొండ మీద కనీసం ఏడు పగళ్లు, ప్రయాణం, విశ్రాంతి అన్నీ కలిపి పన్నెండు నుంచి పద్నాలుగు రోజులు. ఐదు రోజుల ప్యాకేజీ అని అమ్మితే తీసుకోకండి.

లద్దాఖ్‌లో వేరే రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. సిగ్నల్ లేదు కదా అని విదేశాల నుంచి తెప్పించిన శాటిలైట్ ఫోన్ గానీ, శాటిలైట్ మెసేజ్ పరికరం గానీ వెంట తీసుకెళ్లొద్దు. అనుమతి లేకుండా మన దేశంలో అవి నేరం, ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు.

మూడో మెట్టు: ఒళ్లు

ఇది దాటవేయకండి. 3,500 మీటర్ల దగ్గర అందే ఆక్సిజన్ సముద్ర మట్టంలో దొరికేదానిలో సుమారు మూడింట రెండొంతులే. మీరెంత ఫిట్ అన్నదానితో కొండ జబ్బుకి (ఎత్తు వల్ల వచ్చే జబ్బు) సంబంధం లేదు, మారథాన్ పరిగెత్తేవాళ్లకీ వస్తుంది. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ ఇంకో రాత్రికీ పడుకునే ఎత్తు 500 మీటర్లకి మించి పెరగకుండా చూసుకోవాలి, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు పూర్తిగా ఆగాలి. కొండ జబ్బు రాకుండా వేసుకునే ఎసిటజోలమైడ్ మాత్ర గురించి బయలుదేరే ముందు మీ డాక్టర్‌తో మాట్లాడండి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు పరీక్షలు చేయించుకోకుండా టికెట్లు బుక్ చేయొద్దు.

తలనొప్పి, వాంతి వచ్చేట్టు ఉండటం, నిద్ర పట్టకపోవడం మామూలు లక్షణాలు, అవి తగ్గేదాకా పైకి వెళ్లకూడదు. కూర్చున్నా ఆయాసం వస్తుంటే, దగ్గులో నురగ కనిపిస్తే, నడుస్తుంటే తూలుతుంటే, మాట తడబడుతుంటే అది ప్రాణాపాయం. అర్ధరాత్రైనా సరే కిందికి దిగాలి. తెల్లారాక చూద్దామనుకోవద్దు.

మొదటి ట్రిప్పులో నేను ఇక్కడే తప్పు చేశాను. కాజాలో రెండో రోజు తలనొప్పి ఉంటే ఎవరికీ చెప్పలేదు, చెప్తే ఒక రోజు పోతుందని టెన్షన్. కిబ్బర్‌కి వెళ్లాక రాత్రంతా వాంతులు. మర్నాడు మా హోమ్‌స్టే ఆయన నా మొహం చూడగానే బండి తెప్పించి కిందికి పంపించేశారు. అలా ఒక రోజు కాదు, రెండు రోజులు పోయాయి.

మెట్లెక్కడం ఇప్పటి నుంచే మొదలుపెట్టండి, వీపు మీద ఎనిమిది కిలోల బరువుతో. అనంతగిరిలో ఆదివారం నడకలు కూడా మంచివే. బట్టల గురించి రెండే మాటలు: గంటల తరబడి కదలకుండా కూర్చుంటారు, రాత్రిళ్లు మైనస్ 20 దాకా పోతుంది, కాబట్టి ట్రెక్కింగ్ చేసేవాళ్లకంటే రెండు పొరలు ఎక్కువ కావాలి. కింద నుంచి చలి ఎక్కకుండా కూర్చోడానికి ఒక ఫోమ్ ముక్క తప్పనిసరి. లావుపాటి డౌన్ (ఈకలు నింపిన) జాకెట్, బూట్లు హైదరాబాద్‌లో కొని ఇంట్లో మూలన పడేసే బదులు, లేహ్‌కి వెళ్లేవాళ్లైతే అక్కడే అద్దెకి తీసుకోండి.

నాలుగో మెట్టు: సామాను

లెక్కతో మొదలుపెడదాం, ఎందుకంటే ఈ లెక్క ఎవరూ ముందుగా చెప్పరు. ఫుల్ ఫ్రేమ్ (36 ఎంఎం వెడల్పు సెన్సర్ ఉన్న) కెమెరాకి 600 ఎంఎం లెన్సు పెట్టి కిలోమీటరు దూరంలోకి చూస్తే ఫ్రేము వెడల్పులో 60 మీటర్ల కొండ పడుతుంది. మంచు చిరుత తల నుంచి తోక మొదలు దాకా సుమారు మీటరు పొడవు. అంటే ఫ్రేములో అరవయ్యో వంతు. 4కేలో తీసినా అది అరవై డెబ్భై పిక్సెళ్ల చుక్క. అదే 300 మీటర్ల దూరమైతే ఫ్రేములో 18 మీటర్లు పడతాయి, అప్పుడు ముఖం తెలుస్తుంది. చాలాసార్లు చిరుత కనిపించేది అర కిలోమీటరు నుంచి కిలోమీటరున్నర మధ్య దూరంలో. ఆన్‌లైన్‌లో మీరు చూసే దగ్గరి షాట్లు నెలల తరబడి కొండ మీద ఉన్నవాళ్లవి, లేదా జంతువు వెళ్లే దారిలో పెట్టిన కెమెరాలవి.

దీన్నిబట్టి నా సలహా: బడ్జెట్ పరిమితంగా ఉంటే మంచి బైనాక్యులర్ మీద ముందు ఖర్చు పెట్టండి, 8×42 గానీ 10×42 గానీ (మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గర చేస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు ఎంఎంలో). లెన్సు అద్దెకి దొరుకుతుంది, 150-600 లేదా 200-600 జూమ్ చాలు. క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) కెమెరా ఈ పనికి ఇంకా మేలు, అదే లెన్సుతో ఫ్రేములో 60 బదులు 40 మీటర్లే పడతాయి. పెద్ద జూమ్ ఉన్న బ్రిడ్జ్ కెమెరాలని (లెన్సు మార్చే వీలు లేనివి) చిన్నచూపు చూడకండి. నికాన్ పీ1000లో జూమ్ 3000 ఎంఎంకి సమానం, కిలోమీటరు దూరంలో ఫ్రేములో 12 మీటర్లే పడతాయి. పొద్దున్నే గాలి నిలకడగా ఉన్నప్పుడు అది ఇచ్చే వీడియో బాగుంటుంది, వెలుతురు తగ్గితే మాత్రం నాణ్యత పడిపోతుంది. ఇంకో దారి, చిరుతను కనిపెట్టే స్థానికుల దగ్గర స్పాటింగ్ స్కోప్ (ఒంటి కన్నుతో చూసే చిన్న టెలిస్కోపు) ఉంటుంది, దానికి ఫోన్ బిగించే అడాప్టర్ ఒకటి తీసుకెళ్తే ఫోన్‌తోనే పనికొచ్చే క్లిప్పు వస్తుంది.

ట్రైపాడ్ మీద డబ్బు ఆదా చేయొద్దు. ఫ్లూయిడ్ హెడ్ (కుదుపు లేకుండా మెల్లగా తిరిగే తల) ఉండాలి, బరువు మోయగలగాలి. మధ్య స్తంభం ఎత్తకండి, కాళ్లు పొట్టిగా పెట్టి నేల మీద కూర్చునే తీయండి, గాలి అక్కడ తక్కువ. దాంతోపాటు ఒక ఖాళీ గుడ్డ సంచి తీసుకెళ్లండి, జిప్పున్నది. అక్కడికెళ్లాక బియ్యమో బార్లీయో నింపుకుంటే రాయి మీద లెన్సు ఆనించడానికి దిండు అవుతుంది, వచ్చేటప్పుడు గింజలు హోమ్‌స్టే వాళ్లకే ఇచ్చేయొచ్చు.

బ్యాటరీలు కనీసం ఐదు. చలికి సగం సామర్థ్యం పోతుంది. వాడనివి లోపలి చొక్కా జేబులో ఒంటికి తగిలేలా పెట్టుకోండి. అయిపోయిందనుకున్న బ్యాటరీ వెచ్చబడ్డాక మళ్లీ కొంత పనిచేస్తుంది, పారేసినట్టు సంచిలో వేయకండి. విమానంలో విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే ఉండాలి. పవర్ బ్యాంకు 100 వాట్ అవర్ లోపు, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్.

డ్రోన్ ఇంట్లోనే ఉంచండి. రక్షిత ప్రాంతాల్లో అటవీ శాఖ అనుమతి లేకుండా ఎగరేయకూడదు, సరిహద్దు జిల్లాల్లో ఇంకా కఠినం. నియమాలు అటుంచితే, నిట్టనిలువు కొండ మీద నిలబడ్డ గొర్రెల మంద డ్రోన్ చప్పుడికి బెదిరి పరిగెత్తితే ఏమవుతుందో ఊహించండి.

ఐదో మెట్టు: కొండను చదవడం

తెల్లవారకముందే చూసే చోటుకి చేరాలి. మంచు చిరుత ఎక్కువగా తిరిగేది తెల్లవారుజామున, సాయంత్రం. మొదటి వెలుతురు పడగానే పది నిమిషాలు బైనాక్యులర్ ముట్టుకోకండి, ఉత్తి కళ్లతో లోయంతా చూడండి, గట్టు పైఅంచులు ముఖ్యంగా. ఆకాశానికి ఎదురుగా నడిచేది ఏదైనా ఉంటే కంటికే దొరుకుతుంది.

తర్వాత చిరుతను వెతకొద్దు. గొర్రెలని వెతకండి. మంద ఎక్కడుందో, ఎన్ని ఉన్నాయో, ఎటు మేస్తున్నాయో నోటుబుక్కులో రాసుకోండి. తాపీగా మేస్తున్న మందలో తలలు తలోవైపు ఉంటాయి. అన్ని తలలూ ఒక్కసారి ఒకే వైపు తిరిగి అలాగే నిలబడిపోతే, ఈల వేసినట్టు పదునైన చప్పుడు వినిపిస్తే, మీ బైనాక్యులర్‌ని మంద మీద నుంచి తీసేసి అవి చూస్తున్న వైపుకి తిప్పండి. నేను చిరుతను మొదటిసారి చూసింది అలాగే. పదిహేడు భరల్ గొర్రెలు, పదిహేడూ మా కుడి వైపు లోయలోకి చూస్తున్నాయి. అక్కడ నాకు రాళ్లు తప్ప ఏమీ కనపడలేదు. నా పక్కన కూర్చున్న మా ట్రాకర్, అంటే చిరుతను కనిపెట్టే స్థానిక అన్న, స్కోప్ తిప్పి, చెయ్యి ఊపి నన్ను పిలిచారు. స్కోప్‌లో ఒక రాయి అంచు మీద నుంచి లావుపాటి తాడులాంటిది వేలాడుతోంది, దాని కొస మాత్రం మెల్లగా పైకి లేచి పడుతోంది. తోక. దాదాపు మీటరు పొడవుండే ఆ తోక లేకపోతే ఆ రోజు కూడా మాకు కనిపించేది కాదు.

ఇంకో గుర్తు పక్షులు. రాబందులు, కాకుల జాతి పక్షులు ఒకచోట కిందికి దిగుతూ, కానీ పూర్తిగా వాలకుండా పక్క రాళ్ల మీద కూర్చుని కాచుకుంటున్నాయంటే అక్కడ చచ్చిన జంతువు ఉంది, దాని మీద ఇంకెవరో ఉన్నారు. వేటాడిన గొర్రె దగ్గర చిరుత మూడు నాలుగు రోజులు ఉండిపోతుంది. అలాంటి చోటు దొరికితే మీ ట్రిప్పు పండినట్టే, దూరంగా కూర్చోండి చాలు.

నడుస్తున్నప్పుడు కింద చూడాల్సినవి: ముందుకి వంగిన పెద్ద రాళ్ల అడుగు భాగం, గట్ల మీద ఇరుకు దారులు, రెండు లోయలు కలిసే చోట్లు. అక్కడ వెనక కాళ్లతో గీకిన చిన్న గుంట, పక్కన మట్టి కుప్ప, పెంట ఉంటాయి. వంగిన రాయి కింద వాసన చూస్తే మూత్రం చిమ్మిన ఘాటు తెలుస్తుంది. మంచు మీద పాదముద్రలో గోళ్ల గుర్తులు కనపడవు. తోడేలుకీ కుక్కకీ కనపడతాయి.

స్థానిక ట్రాకర్ లేకుండా ఈ పని జరగదు. లద్దాఖీలో చిరుత షాన్, తోడేలు షంకు. ఈ రెండు మాటలూ జూలే అన్న పలకరింపూ మొదటి రోజే నేర్చుకోండి. లోయకి అటు వైపున్న ఇంకో ట్రాకర్ వాకీటాకీలో "షాన్" అంటే మీరు అనువాదం కోసం ఆగకుండా లేస్తారు. చిరుత కనపడకపోతే టిప్పు తగ్గించేవాళ్లని చూశాను, దయచేసి అలా చేయకండి. ఆయన చూపు, మైనస్ పదిహేనులో ఆయన గడిపిన పది గంటలు, మీరు డబ్బిచ్చేది దానికి.

ఆరో మెట్టు: రికార్డింగ్

కనపడింది. ఇప్పుడు చేతులు వణుకుతాయి, గుండె కొట్టుకుంటుంది, ఇక్కడే పొరపాట్లు జరుగుతాయి. అందుకే సెట్టింగులన్నీ ముందు రాత్రే పెట్టేసుకోవాలి.

4కే, సెకనుకి 25 ఫ్రేములు. పరుగు, దూకడం తీయడానికి 50 లేదా 100 ఫ్రేములు ఒక బటన్ మీద పెట్టుకోండి. షట్టర్ 1/50 సెకను అన్నది పాఠం, కానీ మంచు మీద ఎండలో అలా తీయాలంటే ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే నల్లటి అద్దం) కావాలి, పెద్ద లెన్సులకి అది ఖరీదు. లేకపోతే బాధపడకండి, షట్టర్ పెంచేయండి, కూర్చున్న చిరుత మీద ఆ తేడా ఎవరికీ తెలియదు. ఆటో ఎక్స్‌పోజర్‌ని మంచు మోసం చేస్తుంది, తెల్లటిదంతా బూడిద రంగుగా మార్చేస్తుంది. ఎక్స్‌పోజర్ ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపులు (ఒక స్టాపు అంటే వెలుతురు రెండింతలు) పెంచండి, జీబ్రా గీతలు (మరీ తెల్లబడ్డ చోట తెర మీద కనిపించే చారలు) మంచు మీద అక్కడక్కడా మాత్రమే వచ్చేలా చూడండి. చిరుత నీడలో ఉంటే మంచు కాస్త మరీ తెల్లబడిపోయినా చిరుతకే ఎక్స్‌పోజ్ చేయండి.

ఫోకస్ మాన్యువల్‌లో. ఆటోఫోకస్‌కి ఆ రాయికీ చిరుతకీ తేడా తెలియదు. తెర మీద పెద్దది చేసి చూసుకుని, ఫోకస్ కుదిరాక లెన్సు మీద నుంచి చెయ్యి తీసేయండి. నిన్న ఫోకస్ రింగు మీద అనంత దూరం దగ్గర గుర్తు పెట్టి టేపు అంటించాను కదా అనుకోవద్దు, చలికి అది మారుతుంది.

రికార్డు నొక్కాక ఎర్ర చుక్క వెలిగిందా, సమయం తిరుగుతోందా అని చూడండి. ప్రతిసారీ చూడండి. లద్దాఖ్‌లో ఒక తెల్లవారుజామున చిరుత గట్టు మీద నడుస్తున్నంతసేపూ నేను తీస్తున్నాననే అనుకున్నాను. గ్లవ్‌తో బటన్ రెండుసార్లు పడింది, మొదలై ఆగిపోయింది. కార్డులో ఒకటిన్నర సెకన్లు ఉంది. అది గట్టు దాటాక కెమెరా ఆపబోయి నొక్కితే అప్పుడు మొదలైంది రికార్డింగ్. ఆ ఖాళీ గట్టు క్లిప్పు ఇప్పటికీ దాచుకున్నాను.

ప్రతి షాటూ కనీసం ముప్పై సెకన్లు కదలకుండా ఉంచండి. జూమ్ ఆడించొద్దు. అది నడుస్తుంటే వెంటబడి తిప్పకుండా దాని ముందు ఖాళీ వదిలి ఫ్రేము పెట్టి, అదే నడిచి ఫ్రేములోంచి బయటకి వెళ్లనివ్వండి, ఎడిటింగ్‌లో అలాంటి షాట్లే పనికొస్తాయి. ఒక నిమిషం దగ్గరగా తీశాక, ధైర్యం చేసి వెడల్పుగా ఒకటి తీయండి: మొత్తం కొండ, అందులో చుక్కంత చిరుత. ఇంటికొచ్చాక నాకు అన్నిటికంటే బాగా నచ్చేవి అవే. ఎంత పెద్ద కొండలో బతుకుతోందో అందులోనే తెలుస్తుంది.

వేడి గాలి సంగతి ముందే చెప్పాను. ఎండ రాళ్ల మీద పడ్డాక, తొమ్మిది పది గంటల నుంచి దూరపు షాట్లు అల్లాడిపోతాయి, గడ్డకట్టే చలిలో కూడా. దీనికి ఏ లెన్సూ మందు కాదు. పొద్దున్నే తీయాలి, లేదా మబ్బు పట్టిన రోజు, లేదా నీడలో ఉన్న లోయ మీదుగా. లెన్సు గదిలోంచి తెచ్చిన వెంటనే తీయకండి, అరగంట బయట పెట్టి చల్లబడనివ్వండి, హుడ్ లోపలి వెచ్చటి గాలి కూడా చిత్రాన్ని కదిలిస్తుంది. బండి అద్దంలోంచి, బానెట్ మీదుగా అసలే వద్దు. వ్యూఫైండర్ మీద ఊపిరి వదలకండి, వదిలితే క్షణంలో సన్నటి మంచు పొర కట్టేసి ఏమీ కనిపించదు.

మధ్యాహ్నం ఖాళీ సమయం అనుకోకండి. పాదముద్రలు, గోకిన రాయి, మేస్తున్న మంద, గాలికి ఎగిరే మంచు పొడి, ట్రాకర్ కళ్లు, ఇవన్నీ తీసుకోవాలి, లేకపోతే పదకొండు నిమిషాల చిరుతతో ఏ కథా నిలబడదు. శబ్దం విడిగా రికార్డు చేసుకోండి, మైకుకి బొచ్చు తొడుగు వేసి, గాలికి మీ వీపు అడ్డం పెట్టి.

ఏడో మెట్టు: ఎక్కడ ఆగాలి

చిరుత తల ఎత్తి మిమ్మల్నే చూస్తోందంటే మీరు దగ్గరకి వెళ్లిపోయారు. కూర్చోండి, అది మళ్లీ తల దించేదాకా కదలకండి. లేచి వెళ్లిపోయిందంటే తప్పు మనదే. దాన్ని తరమడం, మాంసం ఎరగా వేయడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 లెక్కన వేట కిందికే వస్తాయి. రాళ్లు విసిరి లేపమని ట్రాకర్‌ని అడిగినవాళ్లని కూడా చూశాను. ఆయన లేపలేదు, నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. చలికాలంలో ఒక్కో వేటా దానికి రోజుల కష్టం, వేటాడిన జంతువు మీద నుంచి మనం లేపేస్తే ఆ తిండి కుక్కల పాలవుతుంది. ఊళ్లలో తిరిగే ఆ కుక్కలకి బిస్కెట్లు పెట్టకండి, గుంపులు కట్టి చిరుతలనీ గొర్రెలనీ తరిమేది అవే.

డబ్బులొచ్చే వీడియో, ఓటీటీ, ప్రకటన ఇలాంటిదేమైనా ఉంటే అటవీ శాఖ అనుమతి విడిగా తీసుకోవాలి. నెలల ముందే మొదలుపెట్టండి.

ఎనిమిదో మెట్టు: సాయంత్రం గదిలో, ఆ తర్వాత ఇంట్లో

గదిలోకి అడుగుపెట్టే ముందే, బయటే, కెమెరాని జిప్ కవర్‌లో పెట్టి గాలి తీసి మూసేయండి. కార్డు కూడా అప్పుడే తీసుకోండి. లోపల రెండు గంటలు కవర్ తెరవొద్దు. పొయ్యి పక్కన పెట్టిన చల్లటి లెన్సు మీద నీటి చుక్కలు కట్టేది బయట మాత్రమే కాదు, లోపలి అద్దాల మీద కూడా. అవి మర్నాడు పొద్దున మంచు అవుతాయి.

కార్డులు రోజూ రెండు చోట్ల కాపీ చేయండి, ఒకటి మీ సంచిలో, ఒకటి తోడు వచ్చినవాళ్ల సంచిలో. కరెంటు ఉన్నంతసేపట్లో ముందు కెమెరా బ్యాటరీలు, ఆ తర్వాతే ఫోన్లు. తిండికి అక్కడి తుక్పా (నూడుల్స్ సూప్), రొట్టె హాయిగా సరిపోతాయి, కావాలంటే కంది పొడి తీసుకెళ్లండి, నూనె పచ్చడి సీసా మాత్రం కెమెరా సంచిలో పెట్టకండి.

ఇంటికొచ్చాక వీడియో పెట్టేటప్పుడు లోయ పేరు, లొకేషన్ తీసేయండి, జిల్లా పేరు చాలు. కానీ మీ ట్రాకర్‌కి మాత్రం ప్రతి క్లిప్పూ తేదీ, సమయం, చోటుతో సహా పంపండి, ఎడిట్ చేయని అసలు ఫైలే. మంచు చిరుతల ఒంటి మీది మచ్చలు మన వేలిముద్రల్లా దేనికదే వేరు, పక్కటెముకల మీదవీ నుదుటి మీదవీ పోల్చి ఏది ఏదో గుర్తుపడతారు. నేను పంపిన పదకొండు నిమిషాల క్లిప్పు చూసి ఆ అన్న నాలుగు రోజుల తర్వాత వాయిస్ మెసేజ్ పెట్టారు, అది రెండేళ్ల కింద పిల్లలతో కనిపించిన ఆడదే, ఎడమ పక్క మచ్చలు సరిపోయాయి అని.